ఎమరీ పేపరు పక్కన పెట్టండి

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో వానాకాలం షెడ్డుకు ఒక్క ఆదివారం తాళం పడితే చాలు, సోమవారానికి లేతు బెడ్డు మీద పల్చగా ఎర్రటి పొర కట్టేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. అంతకన్నా పెద్ద కారణం, ఇనుముకు చెమట పట్టడం. వందల కిలోల పోత ఇనుము రాత్రి చల్లబడుతుంది. పొద్దున గాలి వేడెక్కినంత తొందరగా అది వేడెక్కదు. తేమ గాలి ఆ చల్లటి లోహానికి తగలగానే నీరవుతుంది. కప్పు కారకపోయినా తుప్పు పట్టేది అందుకే.

తుప్పు చూడగానే ఎమరీ పేపరు తీసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. క్యారేజీ జారే ఆ దారులను మిల్లీమీటరులో వందో వంతు లెక్కన సరిచూసి గ్రైండింగ్ చేస్తారు. ఎమరీ తుప్పుతోపాటు ఆ సమతలాన్నీ తినేస్తుంది. రాలిన రజను నూనెలో కలిసి క్యారేజీ కిందకు చేరి, మిషన్ ఆడినన్నాళ్లూ గీతలు పెడుతూనే ఉంటుంది. పైపై తుప్పుకు అంత శిక్ష అక్కర్లేదు. కిరోసిన్ రాసి కాసేపు నాననిచ్చి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి మెల్లగా గీకితే చాలావరకు లేచి వస్తుంది. మిగిలినదాన్ని నూనెలో ముంచిన సన్న స్టీల్ ఊల్‌తో రుద్ది, గుడ్డతో శుభ్రంగా తుడిచేయాలి. చివరికి నల్లటి మచ్చ ఉండిపోతుంది. దాన్ని వదిలేయమనే నేను చెబుతాను. వేలికి తగలని మచ్చ పనికి అడ్డం రాదు.

బోల్టులు, నట్లలాంటి చిన్న సామాన్లను వెనిగర్‌లో నానబెట్టవచ్చు. తీశాక వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె పట్టించాలి. ఆలస్యమైతే కళ్ల ముందే మళ్లీ ఎర్రబడతాయి.

అసలు శ్రద్ధ సాయంత్రం షెడ్డు మూసేముందు కావాలి. నీళ్లలో కలిపే కూలెంట్ చక్ వెనుక, టెయిల్‌స్టాక్ కింద నిలిచిపోతుంది; చిప్స్‌తో సహా తీసేయాలి. చేతి చెమటలోనూ ఉప్పుంటుంది గనుక వేళ్లు తగిలినచోటల్లా తుడవాలి. డబ్ల్యూడీ-40 పేరే నీటిని తోసేసే గుణాన్నిబట్టి వచ్చింది, తడి పోగొట్టడానికి మంచిదే. కానీ దాని పొర పల్చన, వానాకాలమంతా కాపాడలేదు. బెడ్డుకు 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్ రాయడమే మేలు. పైన ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది; మందపాటి నూలు గుడ్డ నయం. ఆ గుడ్డ కింద 40 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు వెలిగిస్తే ఇనుము గాలికన్నా కాస్త వెచ్చగా ఉండి చెమట పట్టదు. ఎల్‌ఈడీకి అంత వేడి ఉండదు. బల్బు గుడ్డకు, నూనెకు తగలకుండా జాలీ మాత్రం తప్పకుండా బిగించాలి.