ఇంట కట్టుకొనే స్పోర్ట్సు కారు: ఒక గ్రంథ విమర్శ

దిల్‌సుఖ్‌నగర్ స్టేషనులో మెట్రో రైలు ఎక్కి ఎల్.బి. నగర్ వరకు పోయేవారు కిటికీలోనుండి క్రిందికి చూచినచో విజయవాడ రహదారిమీద బారులు తీరిన కార్లు కనిపిస్తాయి. వాటిలో నడిపేవాడు తన చేతులతో కట్టుకొన్న కారు ఒకటి ఉండటం అరుదు. రైలు దిగి అదే రహదారిమీద తూర్పుగా పోయినచో వనస్థలిపురం తరువాత ఆటోనగర్ వస్తుంది. లారీల బాడీ కట్టేవారు, కమాన్లు దిద్దేవారు, లేతుమీద ఇరుసులు చెక్కేవారు, తుక్కు ఇనుము అమ్మేవారు - పని తెలిసిన చేతులకు అక్కడ కొదువ లేదు. మరి సొంతంగా కారు కట్టుకొనే సరదా ఈ ప్రాంతంలో ఎందుకు వేళ్ళూనలేదు? రాన్ చాంపియన్ రచించిన ఆంగ్ల గ్రంథాన్ని ఈ వీధులలో కూర్చుండి చదివినచో ఈ ప్రశ్నకు జవాబు చాలవరకు దొరుకుతుంది. ఆ గ్రంథంలోని గొప్పతనమూ, కొరతా కూడా అప్పుడే బయటపడతాయి.

'250 పౌనుల ఖర్చుతోనే మీ స్పోర్ట్సు కారును మీరే కట్టుకొనండి' అని అర్థమిచ్చే పేరుతో 1996లో హేన్స్ సంస్థ దీనిని ప్రచురించినది. గ్రంథకర్త ఇంగ్లండులోని ఔండిల్ పాఠశాలలో పనిచేసినవాడు. ఆ బోధకుని చేయి ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఏ గొట్టమును ఎంత పొడవున కోయవలెనో, దేనిని ముందు అతికి దేనిని తరువాత అతకవలెనో, బల్లమీద చెక్కదిమ్మెలు ఎట్లు బిగించుకొనవలెనో, ఎదుట నిలిచిన విద్యార్థికి చెప్పినట్లు చెప్పినాడు. ఇందలి కారుకు 'లోకాస్టు' అని పేరు. తక్కువ ఖరీదు అనే మాటనూ, లోటస్ అనే కార్ల సంస్థ పేరునూ కలిపి చేసిన శ్లేష అది. ఇంగ్లండులోని 750 మోటరు క్లబ్బు ఈ కార్లకు ప్రత్యేకంగా పందెములు ఏర్పాటు చేసినదన్నచో గ్రంథం ఎంత ప్రచారం పొందినదో ఊహించవచ్చును.

మూలరూపం మాత్రం చాంపియన్‌ది కాదు. లండను యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజనీరింగు చదివిన కోలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ అనే కారును వెలువరించినాడు. తలుపులు లేవు, పైకప్పు లేదనే చెప్పవలెను. 1172 ఘన సెంటీమీటర్ల ఫోర్డు ఇంజను సుమారు 40 అశ్వశక్తి మాత్రమే ఇచ్చేది. అయినా అంతకంటె ఎంతో బలమైన కార్లతో అది పోటీపడినది. కారణం బరువు లేకపోవడమే. పూర్తి కారుమీద ఆనాడు బ్రిటనులో కొనుగోలు పన్ను ఉండేది; విడిభాగాలమీద లేదు. అందుచేత చాలామంది దీనిని భాగాలుగా కొని ఇంటివద్ద బిగించుకొన్నారు. పన్నుల చట్టంలోని ఒక సందు ఒక దేశపు యువకులకు యంత్రవిద్య నేర్పినదంటే నవ్వు రావచ్చును గాని, జరిగినది అదే. 1973లో ఆ నమూనాపై హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరినవి.

గ్రంథంలో అత్యుత్తమ భాగం చట్రానికి సంబంధించినది. అంగుళం చదరపు ఉక్కు గొట్టాలతో పంజరంవంటి నిర్మాణం చేసి, దానిలోని దీర్ఘచతురస్రాలను వీలైనంతవరకు కర్ణాలతో త్రిభుజాలుగా విడగొడతారు. నాలుగు కడ్డీలను మూలలవద్ద వదులుగా కలిపినచో ఆ చతురస్రం ఒక ప్రక్కకు వాలిపోతుంది. మూడు కడ్డీల త్రిభుజం వాలదు. దాని ఆకారం మారవలెనంటే ఏదో ఒక కడ్డీ పొడవు మారవలెను. గొట్టాన్ని వంచడం తేలిక, సాగదీయడం కష్టం. కర్ణం చేసే మేలు ఇదే: వంపును లాగుడుగానో నొక్కుడుగానో మారుస్తుంది. గొట్టపు మందం 1.6 మిల్లీమీటర్లయినచో మీటరు పొడవు సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 50 మీటర్ల గొట్టం పట్టినను చట్రం 60 కిలోలు. ఇద్దరు మనుషులు పట్టుకొని మేడమెట్లు ఎక్కించవచ్చును!

అయితే, గ్రంథంలోని చట్రం నిర్దోషమైనది కాదు. ఇంజనును పైనుండి దింపుటకు వీలుగా దాని గది పైభాగాన్ని తెరచి ఉంచినారు. అక్కడ కర్ణం లేదు. ముందు చక్రం ఒకటి గుంటలో పడి చట్రం మెలి తిరిగినప్పుడు ఆ భారమంతా మూలలలోని అతుకులపై పడుతుంది. తరువాత కట్టినవారు ఆ చోట అదనపు కడ్డీలు చేర్చుకొన్నారు. పటాలలోని కొన్ని కొలతలు పొసగక సవరణల జాబితాలు కూడా తయారుచేసుకొన్నారు. బోధకుని పుస్తకానికి తప్పొప్పుల పట్టికను విద్యార్థులే వ్రాసుకొన్నారన్నమాట.

ఇక ఆ 250 పౌనులు. 1996నాటి మారకంలో అది సుమారు 14 వేల రూపాయలు. ఈ లెక్క ఇనుము ధరపై ఆధారపడినది కాదు. అరువు తెచ్చుకొన్న కారుపై ఆధారపడినది. ఇంజను, గేర్ బాక్సు, వెనుక ఇరుసు, స్టీరింగు ఇవన్నీ 1968-1980 మధ్యకాలపు ఫోర్డు ఎస్కార్టునుండి విప్పి తీయవలెను. ఏటేటా జరిగే తనిఖీలో తప్పిన పాత కారు బ్రిటనులో తుక్కు ధరకే దొరికేది. పనికిరాని భాగాలు తిరిగి అమ్ముకొన్నచో ఖర్చు మరింత తగ్గేది. గ్రంథకర్త తన శ్రమకు విలువ కట్టలేదు, ఇంట ఉన్న పనిముట్లను లెక్కలోనికి తీసికొనలేదు. అంతమాత్రాన మోసమనకూడదు, కాని ముఖపత్రంమీద అచ్చువేసిన ధర మాత్రం ఒక దేశానికి, ఒక దశాబ్దానికి చెందిన ధర. అక్కడ సైతం ఎస్కార్టులు కరవైనవి. 2007లో అదే సంస్థ క్రిస్ గిబ్స్ చేత వ్రాయించిన రెండవ గ్రంథం ఫోర్డు సియెర్రాను ఆధారంగా చేసికొన్నది.

ఎల్.బి. నగర్ యువకునికి ఎస్కార్టూ లేదు, సియెర్రా లేదు. పాత కారంటే మొట్టమొదట గుర్తుకు వచ్చేది మారుతి 800. అది ఇందుకు పనికిరాదు; దాని ఇంజను అడ్డంగా కూర్చుండి ముందు చక్రాలను త్రిప్పుతుంది. చాంపియన్ చట్రానికి నిలువుగా అమరే ఇంజను, చోదకశక్తి అందుకొనే వెనుక ఇరుసు కావలెను. ఆ లక్షణాలు అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో ఉన్నవి, కాని పద్మినిల తయారీ ఎన్నడో ముగిసినది, అంబాసిడర్ 2014లో ఆగిపోయినది. మిగిలినది మారుతి ఓమ్ని వ్యాను. దాని 796 ఘన సెంటీమీటర్ల ఇంజను ముందు సీట్ల క్రింద నిలువుగా ఒరిగి ఉండి వెనుక చక్రాలను త్రిప్పుతుంది. 35 అశ్వశక్తి ఏమి స్పోర్ట్సు కారు అని ముఖం చిట్లించనక్కరలేదు. తొలి లోటస్ సెవెన్ దానికంటె పెద్దగా మించినది కాదు గదా!

ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ లెక్కను స్వయంగా చేయగలడు. మనిషితో కలిపి ఓమ్ని వ్యాను 850 కిలోలనుకొందాము. అదే ఇంజనుతో కట్టిన చిన్న కారు, మనిషితో కలిపి, 550 కిలోలు. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగం అందుకొనుటకు వ్యానుకు 1,70,000 జౌళ్ళ గతిజశక్తి కావలెను; చిన్న కారుకు 1,10,000 జౌళ్ళు చాలును. ఇంజను సామర్థ్యం 26 కిలోవాట్లు కనుక ఆదర్శస్థితిలో మొదటిదానికి 6.5 సెకనులు, రెండవదానికి 4.2 సెకనులు. గాలి నిరోధము, ఘర్షణ, గేర్లు మార్చే వ్యవధి చేర్చినచో రెండు అంకెలూ బాగా పెరుగుతాయి, నిష్పత్తి మాత్రం ఇంచుమించు ఇట్లే ఉంటుంది. ఆగేటప్పుడు కథ వేరు. తేలిక కారు త్వరగా ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఘర్షణ బలమూ ద్రవ్యరాశిని బట్టియే ఉంటుంది కనుక సమీకరణంలో ద్రవ్యరాశి రెండువైపులా కొట్టివేయబడుతుంది. ఘర్షణ గుణకం 0.7 అయినచో రెండూ ఆగే దూరం దాదాపు 29 మీటర్లే. తేలిక కారుకు కలిగే లాభమల్లా బ్రేకులు తక్కువ వేడెక్కడం. ఇటువంటి లెక్కలు గ్రంథంలో చాల తక్కువ. ఎట్లు చేయవలెనో చెప్పినంత విపులంగా ఎందుకు చేయవలెనో చెప్పి ఉండినచో ఇది పనివానికే గాక పాఠశాలకూ పుస్తకమై ఉండేది.

ఇంగ్లండు ఇంటి వెనుక ఉండే గారేజి దిల్‌సుఖ్‌నగర్‌లో లేదు. ఉన్నదల్లా అపార్టుమెంటు అడుగున స్తంభాల మధ్యనున్న పార్కింగు స్థలం. ఒక కారు పట్టే చోటులో చట్రం పట్టదనలేము. కాని గ్రైండరు మ్రోతకు పైఅంతస్తు వారు ఏమంటారన్నది లోహశాస్త్రానికి చెందని సమస్య. వర్షాల సంగతి అంతకంటె గట్టిది: 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు నీట మునిగినవి. రంగు వేయని ఉక్కు గొట్టానికి అటువంటి రెండు రోజులు చాలును.

వీధిలోకి వచ్చినచో స్పీడు బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన మిట్ట 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు కలది. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తఖండం. ఇటువంటి కారు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 2.25 మీటర్లు. మిట్ట నడిమికి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపుమీదనే ఉంటాయి. కారు పొట్ట క్రింద మిట్ట 4 సెంటీమీటర్లు మాత్రమే పొడుచుకొని వస్తుంది. నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కారు నిరపాయంగా దాటుతుంది. అదే ఎత్తును రెండడుగుల వెడల్పులో కాలనీవాసులు సిమెంటుతో పోసికొన్నచో చక్రాలు దిగిపోయి పొట్ట ఆనుకొంటుంది. కనుక ఇక్కడ కట్టేవాడు కారును ఎత్తవలెను; ఎత్తినచో గరిమనాభి పైకి పోతుంది, మలుపులో నిలకడ తగ్గుతుంది. గ్రంథంలోని కొలతలను కన్నుమూసికొని అనుసరింపరాదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఇంతవరకు చెప్పిన చిక్కులన్నీ ఓర్పుతో దాటదగినవే. చట్టం అట్టిది కాదు. బ్రిటనులో ఒక్క కారు కట్టినవాడు దానిని తనిఖీకి తీసికొనిపోయి, ఒక్క కారుకే అనుమతి పొందే పద్ధతి 1998నుండి ఉన్నది. 2009లో దాని రూపం మారినది. మనదేశంలో 1989నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 126వది తయారీదారుడు నమూనా వాహనాన్ని పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలో పరీక్ష చేయించవలెనని కోరుతుంది. వేలకొలది కార్లు చేసేవారిని దృష్టిలో పెట్టుకొని వ్రాసిన నిబంధన అది. ఒక్కటి చేసేవాడు దాని ఖర్చును మోయలేడు. రిజిస్ట్రేషను లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదని 1988 చట్టంలోని 39వ సెక్షను చెప్పుతున్నది. పాత కారు రిజిస్ట్రేషనుమీద కొత్తది నడుపుదామన్నా దారి లేదు: తయారీదారుడు ఇచ్చిన మూలవివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 52వ సెక్షనును వివరిస్తూ సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. రెండు మూడేండ్ల సంపాదన, సెలవు దినాలు ధారపోసి కారు పూర్తిచేసిన యువకుడు ఎల్.బి. నగర్ కూడలివరకైనా దానిని న్యాయంగా నడపలేడు. ఈ సంగతి తెలియక పుస్తకం చేతబట్టి ఇనుము కొనడం అన్యాయం. గొట్టం కోయకముందే తెలియవలసిన మొదటి పాఠమిది.

హైదరాబాదులో చేతితో కట్టిన కార్లు లేకపోలేదు. నగరపు మరొక దిక్కున, బహదూర్‌పురాలో, కె. సుధాకర్ 2010లో నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియం ఉన్నది. వంకాయ, క్రికెట్ బ్యాటు, కెమెరా, మడమ ఎత్తు చెప్పు - ఇట్టి ఆకారాలలో ఆయన చేసిన వాహనాలు బొమ్మలు కావు, నడుస్తాయి. 2005 జులై 1న ఆయన హైదరాబాదులో తొక్కిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 12.67 మీటర్లు, గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినది. తుక్కునుండి యంత్రం చేసే ఆ నేర్పు చాంపియన్ నేర్పుకు తీసిపోదు. భేదం ఉద్దేశంలో ఉన్నది. సుధాకర్ వాహనంలో కన్ను ఆకారంమీద నిలుస్తుంది, చట్రం వంకాయ తొక్కలో దాగి ఉంటుంది. చాంపియన్ కారులో చట్రమే కారు. పిల్లలకు మొదటిది ఎక్కువ నచ్చుతుంది, అందులో తప్పు లేదు. తొక్క తీసి లోపలి ఇరుసును, స్టీరింగును చూపే వాహనం ఒక్కటి ప్రక్కన నిలిపినచో విజ్ఞాన విద్యార్థికి ఆ ప్రదర్శనశాల విలువ రెట్టింపు అవుతుంది.

గ్రంథంలో అపాయకరమైన చోటు ఒకటి ఉన్నది. ముందు చక్రాలను పట్టి ఉంచే చేతులను కూడా కట్టేవాడే స్వయంగా అతకవచ్చునన్న భరోసా అది. చట్రంలో ఒక అతుకు విడినచో చప్పుడు వస్తుంది. ఈ చేతులలో అతుకు విడినచో చక్రమే పోతుంది. వాటిని ఆటోనగర్‌లో చేయి తిరిగినవాని చేత వేయించి, ఎర్రరంగు ద్రవంతో పరీక్షించుకొనవలెను. పలుచని రంగుద్రవం కేశనాళికలో నీరు ఎక్కినట్లే కంటికి కనిపించని పగులులోకి ప్రాకుతుంది. పైది తుడిచి తెల్లని పొడి చల్లినచో లోపలి రంగు మరల పైకి వచ్చి, పగులు ఉన్నచోట ఎర్రగీత గీస్తుంది. సైన్సు మాష్టారు కేశనాళికల పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు వివరించదగిన ఉపయోగమిది.

2000 సంవత్సరపు రెండవ ముద్రణలో పందెములను గూర్చిన భాగం చేరినది. రిజిస్ట్రేషను అవసరంలేని మూసిన మార్గాలు మనకూ ఉన్నవి: 2007నుండి బాహా, 2011నుండి సుప్రా అనే పోటీలలో ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తాము కట్టిన వాహనాలను పరుగెత్తిస్తున్నారు. చాంపియన్ గ్రంథం ఆ విద్యార్థులకు నేడూ ఉపయోగపడుతుంది. ఇంటి క్రింద పార్కింగులో ఒంటరిగా కట్టదలచినవానికి చట్రం అధ్యాయం తప్ప మిగతా భాగం నిరాశనే మిగిల్చవచ్చును.

ఆ ఒక్క అధ్యాయాన్ని పాఠశాలలో చేసి చూపుటకు ఇనుముతో పని లేదు. 10 సెంటీమీటర్ల కొబ్బరి ఈనెలు 12, 14.1 సెంటీమీటర్లవి 6, కొంత సైకిలు వాల్వు ట్యూబు చాలును. ట్యూబు ముక్కలను దబ్బనంతో గ్రుచ్చి కీళ్ళుగా వాడి ఘనాన్ని కట్టినచో అది నిలువదు, కూలబడుతుంది. ఆరు ముఖాలకూ కర్ణాలు వేసినచో నిలుస్తుంది. మాక్స్‌వెల్ 1864లో ఇచ్చిన నియమం ప్రకారం 8 కీళ్ళకు కావలసిన కడ్డీలు మూడెనిమిదులు ఇరువదినాలుగులో ఆరు తీసివేయగా 18. ఉన్నవి సరిగా 18. ఇప్పుడు పై ముఖంలోని కర్ణాన్ని మాత్రం ఊడదీసి, రెండు చేతులతో రెండు చివరలు పట్టుకొని మెలిపెట్టవలెను. చాంపియన్ కారులో ఇంజను కూర్చునే గది అదే.