దుమ్ము వెల

మా వీథి చివర వేపచెట్టు క్రింద కారుల సొట్టలు తీయు మేస్త్రి యొకాయన ఉండెడివాడు. మా నాన్నగారి ఫియట్, బొంబాయి కుర్లాలో తయారైనదైనను పుట్టుక చేత ఇటలీ దేశపుదే, ఒకనాడు ఎడ్లబండిని రాచుకొని మడ్‌గార్డు సొట్టపోగా, నేనును ఆయనవెంట పోయి ఆ పని సాంతము చూచితిని. మేస్త్రి రేకును విప్పి, ఇసుక నింపిన తోలుసంచిపై బోర్లించి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టుచు, నాలుగు దెబ్బల కొకమారు కన్నులు మూసికొని అరచేతితో నిమిరెడివాడు. కళ్ళు తెరచి చూడవేమయ్యా అని నాన్నగారడిగిరి. “కంటికి రంగు కనపడుతుందండీ, సొట్ట చేతికే తెలుస్తుంది” అన్నాడు.

ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ గూర్చి చదువునపుడెల్ల నాకు ఆ అరచేయి జ్ఞప్తికి వచ్చును. స్పైడర్ అనగా ఇక్కడ సాలెపురుగు గాదు. గుఱ్ఱపుబండ్ల కాలమున సన్నని ఆకుల చక్రములతో తేలికగా పోవు బండికి ఆ పేరుండెడిది, అదియే మోటారుకు సంక్రమించినది. అమెరికా పడమటి తీరపు ఎండలో టాపు దించుకొని తిరుగగోరు ధనికులకొఱకు, అచ్చటి విక్రేతలు కోరగా, 1957 చివరనుండి 1963 వఱకు ఈ కారులు నిర్మింపబడినవి. చక్రముల నడుమ దూరము 2,600 మిల్లీమీటర్లు గలవి 50, దానిని 2,400కు కుదించినవి 56. వెరసి 106 మాత్రమే. ముందుభాగమున మూడు లీటర్ల, పండ్రెండు సిలిండర్ల, కొలంబో అను ఇంజనీరు రూపొందించిన ఇంజను. రూపకల్పన పినిన్ ఫరీనాది. ఆ రూపమును లోహమున నిలిపినది మోదెనా పట్టణపు సెర్జియో స్కాలియెట్టి.

తండ్రి మరణింపగా పదమూడేండ్ల ప్రాయముననే బాడీషాపు పనిలో చేరి, పిదప స్వంతముగా కర్మశాల పెట్టుకొన్న ఈ స్కాలియెట్టి, కొలతల కాగితములకంటె తన కంటిని నమ్మినవాడు. అల్యూమినియపు రేకును ఇసుక సంచిపై సుత్తితో సాగగొట్టి వంపు తెచ్చుటయే ఆయన శాలలోని పద్ధతి. కాలిఫోర్నియా కారులలో అధికభాగము దేహము ఉక్కుదే. తలుపులు, బానెట్టు, డిక్కీ మూత అల్యూమినియపువి. సాంతము అల్యూమినియముతో చేసినవి బహు స్వల్పము. చేతిపని గనుక ఒక కారు తలుపు మఱియొకదానికి సరిపోవునన్న పూచీ లేదు. కుడి ఎడమలు సైతము అచ్చు గ్రుద్దినట్లుండవు. యంత్రము చేసినచో దోషమని త్రోసివేయదగిన ఈ వ్యత్యాసమునే నేటి సంగ్రాహకుడు భూతద్దము పెట్టి వెదకి, ఉన్నదని తెలిసి సంతసించును!

ఇక వెల సంగతి. 2008 మే మాసమున ఫెరారీ వారి మరనెల్లోలోనే జరిగిన వేలమున, నటుడు జేమ్స్ కోబర్న్ ఒకప్పుడు నడపిన పొట్టి కాలిఫోర్నియా 70 లక్షల యూరోలకు పైగా పలికినది. అది మిలమిల మెఱయు కారు. ఏడేండ్ల పిమ్మట, 2015 ఫిబ్రవరిలో, పారిస్ వేలశాలకు అదే జాతి కారు మఱొకటి వచ్చినది. రోజే బయోఁ అను లారీ రవాణా వ్యాపారి, పాత కారుల ప్రదర్శనశాల పెట్టవలెనని పడమటి ఫ్రాన్సున పోగుచేసి, వ్యాపారము చితికి, కొట్టములలో వదలివేసిన వానిలో నిది యొకటి. ఫ్రెంచి నటుడు అలాన్ దెలోన్ ఒకప్పుడు దీని స్వంతదారు. వేలమువారు పోయి చూచునప్పటికి, పాత పత్రికల దొంతరల క్రింద, పక్కనొక మాజెరాటీతోపాటు, ఇది పడియున్నది. వారపత్రికకు వ్రాసి బ్రతుకు నాబోటివానికి, పాత సంచికలు ఒక మహాధనమును కప్పి కాచినవని వినుట చిన్న ఆనందము కాదు. దుమ్ము దులుపక, రంగు వేయక, ఉన్నది ఉన్నట్లే వేదికపై నిలుపగా, 1 కోటి 62 లక్షల 88 వేల యూరోలు వచ్చినవి.

నడుమ విపణి పెరిగినమాట నిజము; దెలోన్ పేరు ఊరక పోలేదు. అయినను ఆ దుమ్మునకు వేఱుగ వెల కట్టబడినదనియే నా నమ్మకము. జీర్ణోద్ధారకుడు ఎంత నిపుణుడైనను, పాత రంగును గీకి క్రొత్తది వేసిన క్షణమున, 1961లో మోదెనాలో ఆ రేకును తట్టినవాని చేతికిని మన చేతికిని నడుమ తానొకడు వచ్చి నిలుచును. తుప్పు తినుచున్న రేకును అట్లే వదలుట మాత్రము నాకు సమ్మతము గాదు, ఉంచదగినది రంగు, తోలు, గీతలు, ఆపదగినది తుప్పు.

మా ఫియట్ విషయమున ఇన్ని ధర్మసందేహములు కలుగలేదు. నాన్నగారు పోయిన మఱునటి యేడు పాత ఇనుము కొనువాడు వచ్చి, తూకమునకు బేరమాడి, లారీ తెచ్చుకొనెను. ఎక్కించుటకు ముందు నేనా మడ్‌గార్డు కడకు పోయి, కన్నులు మూసికొని, అరచేతితో ఈ కొననుండి ఆ కొనవఱకు నిమిరితిని. సొట్ట ఎచట నుండెడిదో నాకు తెలియలేదు.