దూరక్షేత్ర సరిహద్దు నియమాలు: ఎంపికలోని తర్కం, లోపం

సంపీడ్య ప్రవాహ అనుకరణల వ్యాసాల్లో జాలక వివరాలకు పేజీలు దక్కుతాయి. దూరపు హద్దుకు తరచు ఒక్క వాక్యమే మిగులుతుంది. రీమాన్ అచరాల నియమం వాడినట్లు చెప్పి రచయితలు ముందుకు సాగిపోతారు. హద్దు ఎంత దూరాన ఉన్నదో తెలియకుండా డ్రాగ్ విలువను పాఠకుడు ఎలా తూచాలి?

రీమాన్ నియమానికి ఆధారం స్పష్టమే. ధ్వని కంటే తక్కువ వేగంతో ప్రవాహం లోనికి వచ్చేచోట త్రిపరిమాణ ఆయిలర్ సమీకరణాల ఐదు లక్షణ తరంగాల్లో నాలుగు లోపలికి, ఒకటి బయటికి పోతాయి. ప్రవాహం వెలుపలికి పోయేచోట లోపలికి వచ్చేది ఒక్కటే. బయటినుంచి ఇవ్వదగిన విలువల సంఖ్య అంతే. అయితే ఈ లెక్క హద్దుకు లంబంగా వచ్చే తరంగానికే సరిపోతుంది. నిశ్చల మాధ్యమంలో సాధారణ తరంగ సమీకరణానికి ఎంగ్‌క్విస్ట్, మజ్దా 1977లో చూపిన ప్రథమస్థాయి నియమం ప్రకారం 45 డిగ్రీల వాలుతో తగిలే తరంగపు కంపన పరిమితిలో సుమారు 17 శాతం, 60 డిగ్రీల వద్ద మూడోవంతు వెనక్కి వస్తుంది. ధ్వని ఉద్గారాన్ని కొలిచే పనిలో ఇది ఉపేక్షించదగినది కాదు.

స్థిర ప్రవాహంలో చిక్కు వేరు. ద్విపరిమాణ ఎయిర్‌ఫాయిల్ చుట్టూ ఏర్పడే సుడి ప్రభావం దూరానికి విలోమానుపాతంలో మాత్రమే తగ్గుతుంది. లిఫ్ట్ గుణకం 1 అయితే, అసంపీడ్య అంచనాలో, 20 కార్డ్‌ల దూరాన ప్రేరిత వేగం స్వేచ్ఛాప్రవాహంలో 0.4 శాతం, కోణంగా చూస్తే దాదాపు 0.23 డిగ్రీలు. అక్కడ ఏకరీతి ప్రవాహాన్ని రుద్దితే అభిఘాత కోణం తగ్గినట్లే. లిఫ్ట్ తగ్గి, లేని డ్రాగ్ పుడుతుంది. థామస్, సలాస్ 1986లో ప్రతిపాదించిన సుడి సవరణ విలువ ఇక్కడే తెలుస్తుంది: లెక్కలో వచ్చిన లిఫ్ట్‌తోనే హద్దు వేగాన్ని సరిదిద్దుతారు. కాని అది స్థిరస్థితికి తగిన ఉపాయం. ఆరంభ సుడి ఇంకా క్షేత్రంలోనే ఉన్న అస్థిర గణనకు దానిని యథాతథంగా అంటగట్టడం పొరపాటు.

పాయింసో, లెలె 1992 నాటి పద్ధతి నిర్గమంలో మరో బేరాన్ని బయటపెట్టింది. పూర్తిగా ప్రతిఫలించని హద్దు సగటు పీడనాన్ని నిలబెట్టలేదు. పీడనాన్ని గట్టిగా బిగిస్తే ప్రతిఫలనం తిరిగి వస్తుంది. వారు వాడిన 0.25 అనే శిథిలీకరణ గుణకాన్ని ప్రకృతి నియమంలా నకలు చేయడం అలవాటైంది. జెట్‌కూ దహన కోష్ఠికకూ అదే అంకె ఎందుకు తగునో ఆ వ్యాసాలు చెప్పవు. హద్దును రెట్టింపు దూరానికి జరిపి, గుణకాన్ని మార్చి, మరోసారి నడిపిన ఫలితం పక్కన ఉంటే సమీక్షకుడికి ఈ ప్రశ్న అడగవలసిన పనే ఉండదు.