ఒకే ఊరు, వంద కథలు

కొన్ని కథలు దేనికది విడిగా నిలబడతాయి. వరుసగా చదివితే ఒకదాని వెలితిని ఇంకొకటి పూరిస్తుంది. ఊరు ఒకటే, మనుషులు వాళ్లే, కాలం మాత్రం ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. ఇలాంటి వరుసను నవల అనలేం. తలో అధ్యాయం తలొకరు రాసే గొలుసుకట్టు నవలతోనూ దీనికి సంబంధం లేదు. ఉత్త సంపుటిలోంచి ఒక కథ తీసేస్తే ఎవరికీ తెలియదు. ఇందులోంచి తీసేస్తే తెలిసిపోతుంది.

జాన్ స్టైన్‌బెక్ 1932లో అచ్చువేసిన ‘ది పాశ్చర్స్ ఆఫ్ హెవెన్’ ఒక లోయ కథల వరుస. కాలిఫోర్నియాలోని ఆ లోయకు మన్రో కుటుంబం కొత్తగా వచ్చి పొలం కొనుక్కుంటుంది. వాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. అయినా వాళ్ల నోటి మాటో, చేయబోయిన మేలో ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరి బతుకును తారుమారు చేస్తుంది. కథల్ని కలిపి కుట్టిన దారం అదే. లోయ ఎంత అందంగా ఉన్నా ఆ పని చేయలేదు.

తెలుగులో ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చినవి సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఆ నూరు కథలకు 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. శ్యామ్ బెనెగళ్ వాటిలో కొన్నిటిని దూరదర్శన్ కోసం హిందీలో తీశాడు. ఇక్కడ దారం కృష్ణానది. ‘వరద’ కథలో నది పొంగి ఊరిని ముంచితే మడీ కులమూ ఆకలి ముందు నిలవలేకపోతాయి. వారం వారం రాసిన వాటిలో కొన్ని పలచబడ్డ మాట నిజమే, కానీ నది వాటినీ మోసుకుపోయింది. నామిని మిట్టూరు కథల్ని చిత్తూరు యాస కట్టిపడేసింది. ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు, వంశీ పసలపూడి కథలు కూడా ఈ కోవలోవే. అయితే ఊరంటే తీపి జ్ఞాపకం మాత్రమే అయినచోట ఈ పద్ధతి ఫొటో ఆల్బమ్‌గా మిగిలిపోతుంది. ఊళ్లో అందరి మీదా ఒకేసారి పనిచేసే ఒత్తిడి ఏదో ఒకటి ఉండాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి ఒత్తిళ్లకూ, అందరూ కలిసే తావులకూ కొదవలేదు. టెక్కలి దగ్గరి రావివలసలో ఎండల మల్లికార్జునుడికి గుడి కప్పే లేదు. పెద్ద లింగం ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఆరుబయటే ఉంటుంది. కార్తీక సోమవారం అక్కడ రైతూ, కూలీ, వ్యాపారీ ఒకే వరుసలో నిలబడతారు. కథకుడికి పాత్రలన్నీ ఒకచోట కలిసే ఇలాంటి తావు కావాలి. అందరూ విడిపోయే తావు కూడా కావాలి. అందుకు పలాస రైల్వే స్టేషన్ ఉంది, వలస బండి ఎక్కేది అక్కడే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ కాపుకి ఏళ్లు పట్టే చెట్లవి. ఆ రాత్రి మీదే పదిళ్లలో పది కథలు రాయొచ్చు. ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని పట్టుకున్న కిడ్నీ జబ్బు ఏ ఒక్క ఇంటి కథతోనూ పూర్తి కాదు.

ఇక రాసే తీరు. ఇక్కడి వరుస ఒకటి ఊహించుకుందాం. మొదటి కథలో పలాస జీడి పరిశ్రమలో ఒక ఆడమనిషి చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొడుతుంటుంది. జీడిసొన తగిలితే చర్మం పొక్కిపోతుంది మరి. గుండు పప్పు గుండుగానే రావాలి, బద్దలైతే ధర పడిపోతుంది. ఆ కథలో ఆమెకు పేరు కూడా అక్కర్లేదు, తగువంతా ఎనభై కిలోల బస్తా ధర దగ్గర రైతుకీ వ్యాపారికీ మధ్య. అయిదో కథలో ఆమె భర్త డయాలసిస్ మంచం మీద ఉంటాడు. తొమ్మిదో కథలో కొడుకు రైలెక్కుతాడు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లని రచయిత చెప్పడు. బూడిద అంటిన చేతుల్ని చూసి పాఠకుడే పోల్చుకోవాలి. రచయిత ఆగలేక అసలు సంగతి విప్పి చెప్పేస్తే వరుస అక్కడితో తెగిపోతుంది.

కాళీపట్నం రామారావు (కారా) ‘యజ్ఞం’ కథలో ఒక్క ఊరి అప్పు పంచాయితీలోనే సుందరపాలెం మొత్తాన్ని చూపించాడు. ఆయన రాసింది ఒక పెద్ద కథ, వరుస కాదు. ఆ పని ఉద్దానం కథకులది. ఆదివారం అనుబంధాలకు విడివిడిగా పంపే కథల్ని ఇకనుంచి ఒకే వీధిలో, ఒకే మనుషుల మధ్య నడిపి చూడాలి. పుస్తకమయ్యాక ఒక ప్రతిని, కారా 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయానికి పంపడం మరవకూడదు.