రబ్బరు కప్లింగు: ఈలాన్ కారుపై ఒక విమర్శ

ఇంజనులో పుట్టిన శక్తి షాఫ్టుల ద్వారా చక్రములకు చేరును. ఎంత నేర్పుతో బిగించినను రెండు షాఫ్టులు ఒకే సరళరేఖలో నిలుచుట అరుదు. బండి గతుకులపై నడచునపుడు చక్రము పైకి క్రిందికి కదలుచుండును గనుక షాఫ్టు కోణము, పొడవు కూడ మారవలసియుండును. ఈ మార్పులకు తావిచ్చుచు శక్తిని అందించు భాగమే వంగెడు కప్లింగు. పాత ఇంజనుతో చిన్న బండిని తయారుచేయబూనిన విద్యార్థులు దీనికి మెత్తని రబ్బరు ముక్క చాలుననుకొనుట కలదు. ఈ అభిప్రాయము ఎంతవరకు సరియైనదో ఒక ప్రసిద్ధమైన కారును ముందుంచుకొని పరిశీలింతము.

ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1962లో ఈలాన్ అను చిన్న కారును వెలువరించినది. పన్ను భారము తగ్గుటకై దీనిని విడిభాగములుగా కొని ఇంటివద్దనే బిగించుకొను వీలు కూడ ఆనాడు ఉండెను. దాని వెనుక చక్రముల షాఫ్టులకు రెండేసి చొప్పున నాలుగు రబ్బరు కప్లింగులు అమర్చిరి. కప్లింగు గారెవలె నడుమ రంధ్రముగల దిమ్మ. దాని ఆరు బోల్టులలో ఒకటి విడిచి ఒకటిగా మూడు ఒక ప్రక్కకు, మూడు రెండవ ప్రక్కకు బిగియును.

ఈ ఎన్నికలో మెచ్చదగిన వివేకము కలదు. ఒకదానిలో ఒకటి జారు పళ్ల షాఫ్టును వాడినచో టార్కు, అనగా మెలిత్రిప్పు బలము, ఎక్కువైనపుడు ఘర్షణ పెరిగి జారుడు బిగుసుకొనును. రబ్బరునకు ఆ బాధ లేదు. కందెన కూడ అక్కరలేదు. మరియొక విశేషము: రబ్బరు నొక్కుడును బాగుగ ఓర్చును గాని సాగదీసినచో త్వరగా పగులును. అందుచే దిమ్మను ఉక్కు పట్టీతో ముందే నొక్కియుంచి, బోల్టులు బిగించిన పిమ్మట పట్టీని తీసివేయుదురు. టార్కు పడినపుడు బోల్టుకు ఒక ప్రక్క రబ్బరు మరింత నొక్కబడును. రెండవ ప్రక్క నొక్కుడు తగ్గునే గాని సాగుడు అంతగా ఏర్పడదు.

అయినను లోపము మూలములోనే ఉన్నది. వంగుటకు, పొడవు మారుటకు మెత్తదనము కావలెను. మెలిపడకుండుటకు గట్టిదనము కావలెను. ఒకే దిమ్మకు ఈ రెండు పనులను అప్పగించిరి. పైగా ప్రతి షాఫ్టుపై రెండు కప్లింగులు శ్రేణిలో ఉన్నవి. రెండు స్ప్రింగులను ఒకదాని క్రింద ఒకటి తగిలించినచో అదే బరువునకు సాగుడు రెట్టింపగునని విద్యార్థులకు తెలియును. క్లచ్ వదలగానే ఈ రబ్బరులు మెలిపడి, మరల విడివడి, కారును కుదుపుట ఈలాన్‌కు పేరుపడిన అవలక్షణమైనది. తరువాతి కాలమున పలువురు యజమానులు వీనిని తీసివేసి, ఉక్కు గుండ్లతో పనిచేయు సమవేగ సంధులుగల షాఫ్టులను అమర్చుకొనిరి.

కప్లింగును ఉంచిన చోటును గూడ చూడవలెను. 5 అశ్వసామర్థ్యము, అనగా సుమారు 3.7 కిలోవాట్ల ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచున్నదనుకొందము. కిలోవాట్లను 9550తో గుణించి, చుట్ల సంఖ్యచే భాగించినచో టార్కు సుమారు 23.5 న్యూటన్-మీటర్లు వచ్చును. వేగమును పదవ వంతునకు తగ్గించు గేర్ల తరువాత, నష్టములను విడిచినచో, అది 235 అగును. రెండు చక్రములకు సమముగ పంచినను ఒక్కొక్కదానికి 117 దాటును. ఇంజను ప్రక్కన సరిపోయిన ముక్క చక్రము ప్రక్కన చిరిగిపోవచ్చును. ఈలాన్‌లో కప్లింగులున్నది ఈ బరువైన చోటనే.

పైగా ఇది సగటు మాత్రమే. నాలుగు స్ట్రోకుల ఒంటి సిలిండరు ఇంజనులో రెండు చుట్లకొకమారే ఇంధనము మండును. 1500 చుట్ల వేగమున సెకనుకు 12.5 తాపులు తగులును. షాఫ్టు, కప్లింగుల సహజ పౌనఃపున్యము దీనికి దగ్గరైనచో, ఉయ్యాలను సమయమెరిగి త్రోసినట్లు, అనునాదముచే మెలిక పెరిగిపోవును.

ఇక రబ్బరనగా ఒకే పదార్థము కాదు. సహజ రబ్బరు అలసటను బాగుగ ఓర్చును గాని నూనె తగిలిన ఉబ్బును, ఓజోను వలన పగుళ్లు తీయును. నైట్రైల్ రబ్బరు నూనెకు లొంగదు; ఓజోనుకు లొంగును. పాలియురేథేను అరుగుదలకు గట్టిది. దానిలో కొన్ని రకములు వేడి, తేమ కలిసినచోట క్షీణించును. ప్రతి మెలికలోను కొంత శక్తి వేడిగా మారును. రబ్బరు ఉష్ణమును త్వరగా బయటకు పంపలేదు గనుక మందమైన దిమ్మ లోపలినుండియే చెడవచ్చును. పలుచని ఉక్కు రేకుల కప్లింగు నూనెకు జంకదు గాని కుదుపును మ్రింగదు. పాత టైరునుండి కోసిన ముక్క ఏ మిశ్రమమో, ఎంత వయసుదో, లోని దారములు ఏ దిక్కుగా పోవుచున్నవో తెలియదు గనుక దానిని నమ్మి లెక్క కట్టలేము.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, తెగినపుడేమగును? లోహపు పళ్ల నడుమ రబ్బరు నక్షత్రముండు కప్లింగులో రబ్బరు నలిగిపోయినను పళ్లు ఒకదానినొకటి తాకి, మోతతో హెచ్చరించుచు నడిపించును. గారె కప్లింగు పూర్తిగా తెగినచో షాఫ్టు కొస విడివడి కొరడావలె విసరగలదు. దానిచుట్టు గట్టి ఉక్కు కట్టు లేకున్న ప్రక్కనున్నవారికి ప్రాణాపాయము.

ఇంట తయారగు బండికి పనులను విడదీయుటయే మేలు: కోణమునకు ఉక్కు సంధి, కుదుపునకు ఇంజను ప్రక్కన, టార్కు తక్కువగానున్న చోట రబ్బరు. వైజ్ఞానిక ప్రదర్శనలలో బండి నడచినదా అని మాత్రమే చూచి బహుమతి నిర్ణయించుట చాలదు. ఈ కప్లింగుపై ఎంత టార్కు పడును, నూనె తగులునా, తెగిన ఎవరివైపు విసరును అని ఉపాధ్యాయులు ముందుగా అడుగవలెను. సమాధానము కాగితముపై చూపగలిగిన విద్యార్థికే ఇంజను తాళము ఇయ్యవలెను.