పాటే పట్టిస్తుంది

ఈ వారం సింగపూర్ నుంచి మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక పాట పంపింది. సినిమా పాట కాదు. "మావయ్యా, పొద్దున్నే మా బ్లాక్ వెనక చెట్ల మీద రికార్డ్ చేశా. ఏం పిట్టో చెప్పు చూద్దాం" అని పరీక్ష. గొంతు బాగా విప్పి పాడే పాట. ఒకటి ఎత్తుకుంటే రెండోది అందుకుంటోంది. మన పికిలిపిట్టకు పెద్దన్న, గడ్డిరంగు తల బుల్‌బుల్ అది.

పాట విన్న సంతోషంతో పాటు కొంచెం చిరాకూ కలిగింది. నగరానికీ పిట్టకూ పడదని ఈ కాలమ్‌లో ఎంత గొంతు చించుకున్నానో పాత పాఠకులకు తెలుసు. పొదలు కొట్టేసి వాకింగ్ ట్రాక్ వేసి, గేటు మీద పిచ్చుక బొమ్మ గీయించే పెద్దమనుషుల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మరి అంతరించిపోయే అంచున ఉందని 2018లో రెడ్ లిస్టుకెక్కిన పిట్ట అరవై లక్షల జనం పక్కన అంత ధీమాగా పాడటమేమిటి?

పిట్టపాట అంటే నాకు మా ఊళ్లో కౌజుపిట్టలు పట్టే ఆయనే గుర్తొస్తాడు. తెల్లవారకముందే వెదురు పంజరం తెచ్చి గట్టు మీద దించేవాడు. చుట్టూ ఉచ్చులు పన్ని, పంజరం మీది గుడ్డ తీసి, తుమ్మచెట్టు కింద కూర్చుని చుట్ట వెలిగించేవాడు. పెంపుడు కౌజు పిలిచేది. ఆ చేను తనదనుకునే అడవి కౌజు ఊరుకుంటుందా? మారు పలికి, రొమ్ము విరుచుకుని పరుగున వచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. ఎక్కడో దూరంగా కూసేది తెగించి వచ్చే రకమో, బెదిరి వెనక్కి పోయే రకమో ఆయన కూతను బట్టి చెప్పేవాడు. చుట్ట పొగ మీదికొస్తున్నా లేవకుండా ఆయన పక్కన కూర్చునే నేను వినడం నేర్చుకున్నాను. మెడలో బైనాక్యులర్లు వేసుకు తిరిగే మర్యాదస్తులకు రుచించదు గానీ, మన విద్యకు వేటగాడే మొదటి గురువు. ఫోన్లో కూత వినిపించి పిట్టను కెమెరా ముందుకు రప్పించేవాళ్లు చేసేదీ ఆయన పనే, ఉచ్చు ఒక్కటే తక్కువ.

ఈ బుల్‌బుల్‌కు చేటు తెచ్చింది కూడా దాని పాటే. ఇండోనేషియాలో దీన్ని చుచక్ రావా అంటారు. మగవాడన్నాక ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కత్తితో పాటు ఒక పిట్ట కూడా ఉండాలని జావాలో పాత మాట. పంజరాల మోజు ముదిరి, ధర పెరిగి, జావా అడవుల్లో అది లేకుండా పోయింది. థాయిలాండ్‌లోనూ అంతే. సుమత్రా, బోర్నియోల్లో చెట్లు నిలిచి ఉన్న చోట కూడా వాగుల వెంట పాట వినిపిస్తే పట్టుకుపోయారు. దేశాల మధ్య దాని అమ్మకాన్ని పూర్తిగా ఆపాలని వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు సభ్య దేశాలు 2022లో గానీ తీర్మానించలేదు.

అంతటి అడవుల్లో దక్కని ప్రాణం సింగపూర్‌లో ఉబిన్ దీవి మీద, 163 మీటర్ల బుకిత్ తిమా గుట్ట చుట్టుపక్కల దక్కింది. అక్కడివాళ్లందరూ పుణ్యాత్ములని కాదు. అంగ్ మో కియోలో ఎత్తయిన స్తంభాలకు పంజరాలు వేలాడదీసి పాటలు వినే క్లబ్బు ఈనాటికీ ఉంది. కాకపోతే చిన్న చోటు, గట్టి చట్టం, వల పన్నితే చూసేవాళ్లు నలుగురుంటారు. పాడే పిట్టకు అడవి వైశాల్యం కన్నా కాపలా ముఖ్యమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేనేనా ఈ మాట అంటున్నది అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

అయితే బుల్‌బుల్ అడవి అంచుల్లో, తోటల్లో కూడా సర్దుకుపోయే పిట్ట. నేల మీది చీకట్లో ఆకులు కెలుక్కునే పొట్టితోక బాబ్లర్ అలాంటిది కాదు, వెలుతురు పడే రోడ్డు దాటాలంటే దానికి గండమే. 1986లో ఎక్స్‌ప్రెస్‌వే వేసి బుకిత్ తిమాను నడిమి అడవి నుంచి తెగ్గొట్టింది కూడా ఆ నగరమే. 2013లో ఆ రోడ్డు మీదుగా మట్టి పోసి, చెట్లు నాటి వంతెన కట్టారు. బాగా సన్నబడ్డ చోట కూడా దాని వెడల్పు 50 మీటర్లు. ఆకుపచ్చ రెక్కల పావురాలు దాన్ని వాడుకుంటున్నాయి. ట్రోగన్ పిట్టలకు మాత్రం అది అందలేదు. ఒకప్పుడు సింగపూర్‌లో తిరిగిన ట్రోగన్ జాతులన్నీ అంతకు చాలా ముందే అక్కడ కనుమరుగయ్యాయి. వాటికి ఉచ్చులూ వలలూ అక్కర్లేకపోయింది, చెట్లు కొట్టేయడమే సరిపోయింది.