ఆ అవార్డు సంగతి కాసేపు పక్కన పెడదాం

‘ఆర్డినరీ పీపుల్’ పేరెత్తిన చోటల్లా ‘రేజింగ్ బుల్’ ప్రస్తావన వెంటే వస్తుంది. 1980లో వచ్చిన ఈ రెండు సినిమాలూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి పోటీపడ్డాయి. 1981 మార్చి 31న జరిగిన వేడుకలో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు రెండూ ‘ఆర్డినరీ పీపుల్’కే దక్కాయి. నటుడు రాబర్ట్ రెడ్‌ఫర్డ్ మెగాఫోన్ పట్టిన మొదటి సినిమా అది. ‘రేజింగ్ బుల్’ తీసిన మార్టిన్ స్కోర్సేసీకి ఏమీ రాలేదు. 1990 సినిమాల వంతు వచ్చినప్పుడు మళ్లీ ఇదే జరిగింది. ఇంకో నటుడు, కెవిన్ కాస్ట్నర్, దర్శకుడిగా తన తొలి సినిమా ‘డాన్సెస్ విత్ వుల్వ్స్’తో స్కోర్సేసీ ‘గుడ్‌ఫెల్లాస్’ని దాటిపోయాడు. ఆ కోపం కూడా కలిసి, అర్హతకు మించి గౌరవం పొందిన సినిమాల జాబితా ఎవరు వేసినా అందులో రెడ్‌ఫర్డ్ సినిమాని చేర్చడం ఆనవాయితీ అయిపోయింది.

‘రేజింగ్ బుల్’ గొప్ప సినిమా. అందులో రెండో మాట లేదు. అయితే అది గొప్పదైనంత మాత్రాన ఇది చిన్నదైపోదు. నలభై ఏళ్లకు పైగా దీన్ని ఇంకోదాని పక్కన నిలబెట్టి కొలుస్తూనే ఉన్నారు. విడిగా కూర్చుని, ఏ సీను ఎలా కట్టారు, ఏ నటుడు ఎక్కడ ఆగాడు అని చూసేవాళ్లు తక్కువ. అలా చూస్తే ఈ సినిమాలో దొరికే పనితనం నాకు చాలా ఇష్టం.

జుడిత్ గెస్ట్ 1976 నవలకి ఆల్విన్ సార్జెంట్ స్క్రీన్‌ప్లే రాశాడు. షికాగోకి ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉండే లేక్ ఫారెస్ట్ అనే సంపన్నుల ఊరు. జారెట్ కుటుంబం. పెద్ద కొడుకు బక్ పడవ ప్రమాదంలో పోయాడు. అదే పడవలో ఉన్న చిన్నవాడు కాన్రాడ్ బతికి బయటపడ్డాడు, ఆ బతకడాన్ని భరించలేక చనిపోబోయాడు, నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. కథ మొదలయ్యేసరికే ఇవన్నీ జరిగిపోయాయి. మిగిలింది తండ్రి కాల్విన్, తల్లి బెత్, ఈ అబ్బాయి, ఓ పెద్ద శుభ్రమైన ఇల్లు.

ఆ ఇంట్లో బక్ గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడకూడని విషయం చుట్టూ రెండు గంటల సినిమా నడపాలి. సార్జెంట్, రెడ్‌ఫర్డ్ దానికి పట్టుకున్న దారి ఇంట్లోని మామూలు వస్తువులు. మొదట్లోనే వచ్చే టిఫిన్ సీను చూడండి. కొడుక్కి ఇష్టమని తల్లి ఫ్రెంచ్ టోస్ట్ చేసి పెడుతుంది. ఆకలిగా లేదంటాడు. బతిమాలదు, కసరదు. అదే క్షణంలో ప్లేటు తీసుకెళ్లి సింకులోకి తోసేస్తుంది. అక్కడి సింకుల్లో ఉండే మిషను దాన్ని నమిలి మింగేస్తుంది. ఉంచు, తింటాడులే అని తండ్రి అనేలోపే అయిపోతుంది. అరుపు లేదు, కన్నీరు లేదు, నేపథ్య సంగీతం లేదు. తల్లీకొడుకుల మధ్య ఏం పాడైందో మనకి తెలిసిపోయింది.

సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా కట్టినట్టు కనిపించేది ఫొటోల సీను. బెత్ తల్లిదండ్రులు వచ్చారు, కెమెరా బయటికి తీశారు. తాతా, అమ్మమ్మా, అందరూ నవ్వుతూ నిలబడుతున్నారు. బెత్‌నీ కాన్రాడ్‌నీ కలిపి ఒక్కటి తీస్తానంటాడు కాల్విన్. తల్లీ కొడుకూ పక్కపక్కన నిలబడతారు. బెత్ చిరునవ్వు అలాగే ఉంటుంది, కానీ కెమెరా ఇటివ్వు, మగాళ్లు ముగ్గుర్నీ నేను తీస్తానంటుంది. ఒక్క నిమిషం అంటాడాయన. ఇవ్వమంటుంది. ఇదిగో అంటాడు. మళ్లీ ఇవ్వమంటుంది. వాళ్లిద్దరి గొంతుల్లోనూ మర్యాద తగ్గదు. పక్కన నిలబడి నవ్వు ముఖం పెట్టుకున్న కుర్రాడికి అర్థమవుతూ ఉంటుంది: అమ్మ తనతో కలిసి ఒక్క ఫొటోలో ఉండలేకపోతోంది. చివరికి ఆ కెమెరా ఏదో ఆవిడకిచ్చెయ్ అని అరుస్తాడు. వచ్చినవాళ్ల ముందు అంతా బిగుసుకుపోతుంది. బెత్ మెల్లగా, ఎవరికైనా ఆకలేస్తోందా, ఏమైనా చేయనా అన్న ధోరణిలోకి మారిపోతుంది. వంటింట్లో ఆమె చేతిలోంచి ప్లేటు జారి పగులుతుంది. రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి చూసి, దీన్ని అతికించొచ్చనుకుంటా అంటుంది. మన సినిమాల్లో అయితే ఈ చోట తల్లి కుప్పకూలి ఏడవాలి. ఇక్కడ ప్లేటు సంగతి మాట్లాడుతుందంతే.

ఇలాంటి సీను కాగితం మీద సగమే ఉంటుంది. మిగతా సగం బెత్‌గా చేసిన మేరీ టైలర్ మూర్ తెచ్చింది. 1970 నుంచి 1977 దాకా తన పేరుతోనే నడిచిన టీవీ హాస్య ధారావాహికతో ఆమె అమెరికా ఇళ్లన్నిటికీ ఆప్తురాలు. ఆ నవ్వు దేశానికంతా పరిచయం. రెడ్‌ఫర్డ్ ఆ నవ్వుని తీసేయలేదు, అలాగే ఉంచాడు. అదే పరిచితమైన, చక్కటి, పళ్లన్నీ కనిపించే నవ్వు. దాని వెనక తలుపు మూసేసుంది. క్రూరురాలిగా నటించి ఉంటే మనం బెత్‌ని సులభంగా అసహ్యించుకుని ఊరుకునేవాళ్లం. మూర్ ఆ సదుపాయం మనకి ఇవ్వలేదు. పెరట్లో చలిలో కూర్చున్న కొడుకు దగ్గరికి బెత్ తనంతట తానే వెళ్తుంది. బక్ కుక్కని పెంచుకుందామన్న రోజుల గురించి అతను చెబుతుంటే ఆమె ఇంకేదో చెబుతుంది, ఇద్దరి మాటలూ పక్కపక్కన నడుస్తాయి, కలవవు. ఆమె వినడం లేదని అతను కుక్కలా గట్టిగా మొరుగుతాడు. ఆ ఉలికిపాటులో మూర్ ముఖం మీద కనబడేది భయం. తన కన్న కొడుకంటే భయం. బెత్ రాతిమనిషి కాదు, ఒకసారి పగిలితే మళ్లీ నిలబడలేనని తెలిసి ఒళ్లు దగ్గర పెట్టుకున్న మనిషి అని మూర్ నటన అడుగడుగునా గుర్తుచేస్తూనే ఉంటుంది.

కాన్రాడ్‌గా చేసిన తిమోతీ హటన్‌కి ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. అప్పటికి అతనికి 20 ఏళ్లు, ఆ విభాగంలో ఇప్పటికీ అంత చిన్న వయసులో గెలిచినవారు లేరు. సహాయ నటుడనడం అన్యాయమే, సినిమాలో అందరికంటే ఎక్కువసేపు తెర మీద ఉండేది అతనే. మానసిక వైద్యుడు డాక్టర్ బెర్గర్‌గా చేసిన జడ్ హర్ష్‌తో అతని సీన్లు చాలామందికి గుర్తుండిపోయాయి. నాకు మాత్రం అవి సినిమాలో కాస్త బలహీనమైన భాగం. తాళంచెవి తిప్పగానే తలుపు తెరుచుకున్నట్టు, చివర్లో ఒక రాత్రి బెర్గర్ దగ్గర అతని మనసులోని ముడి మరీ చక్కగా విడిపోతుంది. మానసిక వైద్యం నిజంగా అంత సాఫీగా ఉండదు. హటన్ పనితనం నాకు అంతకుముందు కనబడుతుంది: ఎత్తి పట్టుకున్న భుజాలు, మాట మొదలెట్టి మింగేయడం, నవ్వాల్సిన చోటికి ఒక క్షణం ఆలస్యంగా వచ్చే నవ్వు.

ఇక కాల్విన్‌గా చేసిన డొనాల్డ్ సదర్లాండ్. 1973లో నికొలస్ రోగ్ తీసిన ‘డోంట్ లుక్ నౌ’లో కూడా ఈయన నీళ్లలో బిడ్డని పోగొట్టుకున్న తండ్రే. అక్కడ ఆ దుఃఖానికి వెనిస్ సందులూ, పీడకలలూ ఉన్నాయి. ఇక్కడ కాల్విన్ పన్నుల లాయరు, మంచివాడు, భార్యనీ కొడుకునీ ఇద్దర్నీ ప్రేమిస్తాడు, ఇద్దరి మధ్యా సర్దుబాటు చేస్తూ తిరుగుతాడు. నటుడికి ఇంతకంటే కష్టమైన పాత్ర ఉండదు. పట్టుకోవడానికి కొక్కెం లేదు. సదర్లాండ్ చేసింది వినడం. ఆ ఫొటోల సీనులోనే కెమెరా పట్టుకున్న కాల్విన్‌ని చూడండి. వ్యూఫైండర్ వెనక నుంచి సరదాగా మాట్లాడుతున్న మనిషి, భార్య మూడోసారి అడిగేసరికి ఏదో గ్రహిస్తాడు. ముఖం మారదు, మాట వేగం మాత్రం తగ్గుతుంది. ఆ క్షణం నుంచి సినిమా చివరిదాకా కాల్విన్ భార్యని గమనిస్తూనే ఉంటాడు.

గ్యారేజీలో ఒక చిన్న మాట వస్తుంది. బక్ అంత్యక్రియల రోజున నేను ఏ చొక్కా, ఏ బూట్లు వేసుకోవాలో ఎందుకు పట్టించుకున్నావని భార్యని అడుగుతాడు. ఇన్నాళ్లూ లోపల నలిగిన ప్రశ్న. సదర్లాండ్ దాన్ని ఆరోపణలా అనడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడుగుతాడు. అలా అడగడంతోనే దానికి అంత బరువొచ్చింది.

జాన్ బైలీ ఛాయాగ్రహణం గురించి ఒక్క మాట చెప్పాలి. కెమెరా ఎక్కువగా కదలదు. శరదృతువు ఆకులు, తుడిచి పెట్టినట్టుండే గదులు, గదిలో మనుషుల మధ్య అవసరమైన దానికంటే కాస్త ఎక్కువ ఖాళీ. పాహెల్బెల్ స్వరపరిచిన ‘కానన్’ని మార్విన్ హామ్లిష్ ఈ సినిమాకి అనువుగా మలిచాడు. చాలా సీన్లలో అసలు సంగీతమే ఉండదు. మొదటి సినిమా తీస్తున్నవాడికి ఇంత నిగ్రహం ఎలా వచ్చిందా అనిపిస్తుంది. రెడ్‌ఫర్డ్ నటుడు కాబట్టే వచ్చిందని నా నమ్మకం. నటుడి ముఖం మీద పని జరుగుతున్నప్పుడు పక్కన ఇంకేమీ చేయకూడదని అతనికి అనుభవంతో తెలుసు.

ఆఖరి రాత్రికి అన్నీ ఒక చోటికొస్తాయి. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన తల్లిని కాన్రాడ్ వంగి కౌగిలించుకుంటాడు. మూర్ చేతులు కదలవు, కళ్లు మూసుకోవు. సదర్లాండ్ అది చూస్తాడు. తెల్లవారుజామున భోజనాల బల్ల దగ్గర చీకట్లో కూర్చుని ఏడుస్తున్న భర్త దగ్గరికి బెత్ వస్తుంది. నిన్ను ప్రేమిస్తున్నానో లేదో నాకు తెలియడం లేదు అన్న అర్థం వచ్చే మాట అంటాడు. గొంతు పెంచడు. తన మాట తనకే వింతగా వినబడినవాడిలా అంటాడు. బెత్ పైకి వెళ్లి సూట్‌కేస్ కోసం అల్మారా తెరుస్తుంది. అక్కడ కొన్ని క్షణాలు మూర్ ఒంట్లోంచి ఒక వణుకు వస్తుంది, ఊపిరి తెగుతుంది. వెంటనే నిలదొక్కుకుంటుంది. సినిమా అంతా ఆమె ఆపిన ఏడుపులో మనకి చూపించింది ఇంతే.

ఈ సినిమాకి ఆరు ఆస్కార్ నామినేషన్లొచ్చాయి, నాలుగు గెలిచింది. మూర్‌కి నామినేషన్ ఇచ్చారు, హర్ష్‌కి ఇచ్చారు, హటన్‌కి బహుమతే ఇచ్చారు. సదర్లాండ్ పేరు నామినేషన్లలో కూడా లేదు. ఈ సినిమాకనే కాదు, జీవితంలో ఏ సినిమాకీ ఆయనకి ఆస్కార్ నామినేషన్ రాలేదు. 2017లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. అరిచే పాత్రలకీ, ఒళ్లు మార్చుకునే పాత్రలకీ ఓట్లు పడటం నాకు అర్థమవుతుంది. వినే పాత్రకి ఎందుకు పడవో అర్థం కాదు. ఆ ఏడాది బహుమతుల గురించి తగవు పడక తప్పదంటే నేను పడేది ఈ పేరు మీదే.